ఓడలో తాగేదెంత, కట్టేదెంత

ప్రశ్న: నమస్కారమండీ. డిసెంబరులో సింగపూరు నుంచి నాలుగు రాత్రుల క్రూజ్‌కు వెళ్తున్నాం. మేమిద్దరం, పద్నాలుగేళ్ళ బాబు, తొమ్మిదేళ్ళ పాప ఒక గదిలో, మా అత్తమామలు ఇంకో గదిలో. ఏజెంటు డ్రింక్ ప్యాకేజీ, అంటే ముందే డబ్బు కట్టేసి ఓడలో ఎంతైనా తాగే పద్ధతి, ఇప్పుడే కొనమని రోజూ ఫోను చేస్తున్నాడు. మనిషికి రోజుకు 80 అమెరికా డాలర్లట. ఓడ ఎక్కాక కొంటే రెట్టింపు పడుతుందట. మావారు తీసుకుంటే నేనూ తీసుకోవాలట. ఆయన సెలవుల్లో సాయంత్రం రెండు బీర్లు తాగుతారు, అంతే. నేను ముట్టను. పిల్లలకు కూల్‌డ్రింకులు కావాలి, అత్తగారికి కాఫీ లేనిదే తెల్లవారదు. మామగారు మాత్రం ఒకటే అడుగుతున్నారు, "అమ్మాయ్, నీళ్ళు కూడా కొనాలా?" అని. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ముందు మామగారి సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో అన్నిటికన్నా తెలివైన ప్రశ్న ఆయనదే.

కొనక్కర్లేదని చెప్పండి. టికెట్‌తో భోజనం వచ్చినట్టే కొన్ని పానీయాలూ వస్తాయి. బఫే హాల్లో మంచినీళ్ళు, ఐసు, మామూలు కాఫీ, టీ, వేడినీళ్ళు, పాలు, నిమ్మరసం, పొద్దున టిఫిన్ వేళ పళ్ళరసాలు చాలా ఓడల్లో ఉచితం. ఎన్నిసార్లు వెళ్ళి పట్టుకున్నా అడిగేవారుండరు. ఓడలో నీళ్ళు సముద్రపు నీటిని శుద్ధి చేసినవని తెలిసి అత్తగారు ముఖం చిట్లిస్తారేమో. చెన్నై వాళ్ళం, మనకది కొత్తా? 2010లో మీంజూరులో, 2013లో నెమ్మేలిలో రోజుకు పది కోట్ల లీటర్ల చొప్పున సముద్రాన్ని మంచినీళ్ళు చేసే కేంద్రాలు పెట్టారు. అప్పటినుంచి ఈ ఊళ్ళో చాలామంది తాగుతున్నది ఆ నీళ్ళే. మనిషికొక ఖాళీ సీసా పెట్టెలో వేసుకోండి, సరిపోతుంది.

అయితే ఓడలో డబ్బు పడే నీళ్ళూ ఉంటాయి. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది మేమిద్దరం ఓడ ఎక్కాం. ఏ కంపెనీ ఓడ అన్నది ఇప్పుడు వద్దులెండి. గదిలో అద్దం ముందు రెండు గాజుసీసాల నీళ్ళు, మెడలో చిన్న కాగితపు బిళ్ళలు వేసుకుని నిలబడి ఉన్నాయి. మావారు బిళ్ళ తీసి పక్కన పెట్టి, రైల్లో ఇచ్చే నీళ్ళ సీసా అనుకుని గటగటా తాగేశారు. మర్నాడు పనివాడు మళ్ళీ రెండు పెట్టాడు. ఈయన మళ్ళీ తాగారు. "ఎంత మర్యాదస్తులే!" అని మెచ్చుకున్నారు కూడా. ఆఖరి రాత్రి బిల్లు వచ్చింది. అందులో నీళ్ళ పేరు నాలుగుసార్లుంది, ఒక్కో వరుసకీ కింద సర్వీస్ చార్జీ ఉంది. ఆ కాగితపు బిళ్ళ మీద ధర అచ్చువేసే ఉందట, చాలా చిన్న అక్షరాల్లో. ముప్పై నాలుగేళ్ళు ఇతరుల లెక్కలు సరిచూసిన దాన్ని, నేనూ చూడలేదు. మీరు గదిలోకి అడుగు పెట్టగానే అలాంటి సీసాలు, ఫ్రిజ్‌లో సామాను కనిపిస్తే పనివాడిని పిలిచి తీసేయమనండి. తీసేస్తాడు, ఏమీ అనుకోడు.

ఇక ప్యాకేజీలు. పేర్లు కంపెనీని బట్టి మారతాయి గానీ రకాలు మూడే. అన్నిటికన్నా చవకది కూల్‌డ్రింకులకు మాత్రమే. కొన్ని ఓడల్లో ఒక గ్లాసు ఇస్తారు, మెషీను దగ్గర ఎన్నిసార్లైనా నింపుకోవచ్చు. రెండోది మందు లేనిది. కూల్‌డ్రింకులతో పాటు కాపుచినో లాంటి కాఫీలు, తాజా పళ్ళరసాలు, మాక్‌టెయిళ్ళు, సీసా నీళ్ళు దాంట్లోకి వస్తాయి. మూడోది మీ ఏజెంటు అమ్మజూపుతున్నది. రెండోదాంట్లో ఉన్నవన్నీ ఉండి, ఆపైన బీరు, గ్లాసుల లెక్కన వైను, విస్కీ, కాక్‌టెయిళ్ళు. ఈ మూడోదాని ధర ఒకచోట నిలవదు. ఓడను బట్టి, తేదీని బట్టి, ఒక్కోసారి వారాన్ని బట్టి విమానం టికెట్‌లా కదులుతుంది. అందుకే పోయినేడు వెళ్ళినవాళ్ళు కట్టిన ధర మీకు పనికిరాదు.

"ఎంతైనా తాగవచ్చు" అని ఏజెంటు అన్నాడా? అంటాడు. దానికి హద్దులున్నాయి. రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ళ ప్యాకేజీలో గ్లాసు ధర 14 డాలర్ల వరకే చెల్లుతుంది. 16 డాలర్ల కాక్‌టెయిల్ అడిగితే తేడా రెండు డాలర్లు, దాని మీద 18 శాతం సర్వీస్ చార్జీ, వెరసి 2.36 డాలర్లు మీ ఖాతాలో పడతాయి. కార్నివాల్ అనే ఇంకో కంపెనీ వాళ్ళు ధర హద్దును 20 డాలర్లకు పెంచారు గానీ, ఇరవై నాలుగు గంటల్లో పదిహేను గ్లాసులకు మించి మందు పోయరు. ఒకసారికి ఒక గ్లాసే ఇస్తారు. ఓడలో మీకిచ్చే కార్డు మీద తెచ్చి ఇంకొకరికి ఇవ్వకూడదు, పట్టుబడితే ప్యాకేజీ రద్దు చేస్తారు. గదిలో ఫ్రిజ్ సామాను, పూర్తి సీసాలు, జ్ఞాపకార్థం ఇచ్చే గ్లాసులు ఇందులోకి రావు. ఓడలోనే స్టార్‌బక్స్ ఉంటే దాని కాఫీ కూడా చాలావరకు రాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఒడ్డున చెల్లదు. సింగపూరు నుంచి నాలుగు రాత్రుల ప్రయాణం అంటే తరచుగా పెనాంగ్, ఫుకెట్ చూపిస్తారు. పొద్దున దిగి సాయంత్రం ఎక్కుతారు. ఫుకెట్ బీచిలో మీ వారు తాగే బీరుకు థాయిలాండ్ డబ్బు ఇవ్వాల్సిందే. ఓడలో ఆ రోజు 80 డాలర్లు మాత్రం ఎప్పటిలాగే నడుస్తూ ఉంటాయి. దిగిన రోజులకు వద్దు, సముద్రం మీదున్న రోజుకు మాత్రం ఇవ్వండి అంటే సాధారణంగా ఒప్పుకోరు. కొంటే ప్రయాణం మొత్తానికీ కొనాలి.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. నాకు ఇష్టమైన భాగం ఇదే.

మనిషికి రోజుకు 80, నాలుగు రోజులకు 320. దీని మీద 18 శాతం సర్వీస్ చార్జీ, అంటే 57.60. ఏజెంటు చెప్పిన 80లో ఇది కలిసి ఉందా అని అడగండి. ఫోనులో చెప్పే ధరలో చాలాసార్లు ఉండదు. మొత్తం 377.60. ఇద్దరికీ 755.20 డాలర్లు. డాలరు 90 రూపాయలని లెక్కకు పెట్టుకుంటే 67,968 రూపాయలు. క్రెడిట్ కార్డు మీద కడితే విదేశీ డబ్బు మార్పిడికి చాలా కార్డులు రెండు నుంచి మూడున్నర శాతం తీసుకుంటాయి, దాని మీద జీఎస్టీ. అది విడిగా పెట్టుకోండి.

ఓడలో బీరు ఎనిమిది డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. సర్వీస్ చార్జీతో 9.44. ప్యాకేజీ రోజు ఖర్చు సర్వీస్ చార్జీతో 94.40. భాగహారం చేయండి, సరిగ్గా పది. మీ వారు రోజుకు పది బీర్లు తాగితే పెట్టిన డబ్బు తిరిగి వచ్చినట్టు. ఆగండి, మీ వంతు కూడా కట్టారు కదా? మీరు ముట్టరు కాబట్టి ఆ పది కూడా ఆయనే తాగాలి. రోజుకు ఇరవై, నాలుగు రోజులకు ఎనభై బీర్లు, మధ్యలో పెనాంగ్ చూసి వస్తూ. మీరు రాసిన ప్రకారం ఆయన తాగేవి రోజుకు రెండు. అవి విడిగా కొనుక్కుంటే నాలుగు రోజులకు 75.52 డాలర్లు. ప్యాకేజీ ఖర్చులో సరిగ్గా పదోవంతు. ఓడలో ఉన్నాం కదా అని ఆయన రోజుకు నాలుగు తాగినా, మీరు రెండు కాపుచినోలు తాగినా, ప్యాకేజీ ఖర్చులో మూడో వంతుకు చేరరు.

కాబట్టి కొనకండి.

ఏజెంటు అబద్ధం చెబుతున్నాడని కాదు. అతను చెప్పినదాంట్లో ఒకటి నిజం, ఒకటి సగం నిజం. ఒకే గదిలో మందు వయసు వచ్చిన వాళ్ళలో ఒకరు తీసుకుంటే అందరూ తీసుకోవాలన్న నియమం రాయల్ కరీబియన్‌లో ఉంది, కార్నివాల్‌లోనూ ఉంది. ఒకరు కొని ఇద్దరు తాగుతారనే వాళ్ళ భయం. మీరు మందు తాగరని చెప్పి, బదులుగా చవకైన రెండోరకం ఇమ్మని కంపెనీని అడిగి చూడవచ్చు, కొన్నిసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి. రెట్టింపు అన్నది మాత్రం బేరగాడి మాట. ముందుగా కొంటే సాధారణంగా తక్కువ పడుతుంది, అంతవరకు నిజం. అలాగని ఈ రోజే కొనకపోతే కొంపేమీ మునగదు. ముందుగా కొన్నది ప్రయాణానికి కొద్ది రోజుల ముందు వరకు చాలా కంపెనీల్లో రద్దు చేసుకోవచ్చు. ధర తగ్గితే పాతది రద్దు చేసి కొత్తది కొనేవాళ్ళూ ఉన్నారు. ఇక ఏజెంటు తొందరకు కారణం నాకు వింతేమీ కాదు. 2023లో రాయల్ కరీబియన్ ఆదాయంలో సుమారు మూడు పదోవంతులు టికెట్ల నుంచి కాక, ఓడలో పెట్టే ఖర్చుల వంటి ఇతర పద్దుల నుంచి వచ్చాయి. టికెట్ చవగ్గా కనిపించడానికి మనం లోపల తాగేదీ, ఆడేదీ, కొనేదీ కూడా ఒక కారణం.

అతను ఇంకో ఉపాయం కూడా చెప్పవచ్చు, ముందే చెబుతున్నాను. కాగితం మీద గదులు మార్చేయడం. మీ వారూ పిల్లలూ ఒక గది, మీరూ అత్తమామలూ ఇంకో గది అని రాయిస్తే, మొదటి గదిలో పెద్దవాడు ఆయనొక్కడే కాబట్టి ఒక్క ప్యాకేజీతో సరిపోతుంది. ఇలా చేసేవాళ్ళు ఉన్నారు. కానీ ఒక్కటైనా రోజుకు పది బీర్ల లెక్కే కదా. పైగా నాలుగు రోజులు తాళం కార్డుల గందరగోళం. కోడలి పేరు తమ గది కాగితంలో ఎందుకుందని అత్తగారు అడిగితే జవాబు చెప్పాల్సింది మీరు.

మరి ఈ ప్యాకేజీ ఎవరికి గిట్టుబాటు? గిట్టేవాళ్ళూ ఉన్నారు, లేదనను. మా తమ్ముడి కొడుకు బెంగళూరులో ఉంటాడు. పెళ్ళికి ముందు స్నేహితులతో వెళ్ళాడు. పొద్దున కాపుచినో, ఈతకొలను పక్కన రెండు బీర్లు, మధ్యాహ్నం ఒక కాక్‌టెయిల్, భోజనంతో రెండు గ్లాసుల వైను, రాత్రి పాటలు వింటూ ఇంకో రెండు, మధ్యలో సీసా నీళ్ళు. రోజుకు వంద డాలర్లు సులభంగా దాటిపోతాయి. గదిలో ఇద్దరూ అలాంటివాళ్ళే. వాళ్ళకు లాభమే. ఇంకొక రకం మనుషులు కూడా ఉన్నారు. గ్లాసు గ్లాసుకీ ధర చూసుకుంటూ కూర్చోలేరు, ముందే కట్టేస్తే మనశ్శాంతి. వాళ్ళు కొన్నది మందు కాదు, ఆ నిశ్చింత. తప్పు పట్టను. కానీ ఆ నిశ్చింతకు మీ ఇంట్లో 67,968 రూపాయలు పెట్టేవాళ్ళు కనిపించడం లేదు, ఉంటే నాకు ఉత్తరం రాసేవారు కాదు.

పిల్లలకు కూల్‌డ్రింక్ ప్యాకేజీ కొనాలా అన్నది డబ్బు కన్నా పెంపకం ప్రశ్న. రోజుకు 13 డాలర్లనుకుంటే సర్వీస్ చార్జీతో 15.34. విడిగా ఒక క్యాను నాలుగు డాలర్లు, చార్జీతో 4.72. రోజుకు నాలుగు తాగితే గానీ గిట్టదు. కొనిపెడితే తాగుతారు కూడా, అదే నా భయం. ఇంట్లో రోజుకు నాలుగు కూల్‌డ్రింకులు తాగనిస్తారా? రోజుకొకటి అని మాట తీసుకోండి, మిగతా సమయంలో బఫే దగ్గర ఉచితంగా దొరికే నిమ్మరసం. బాబుకు పద్నాలుగేళ్ళు కాబట్టి గొడుగు గుచ్చిన మాక్‌టెయిల్ మీద కన్ను పడుతుంది. ఒకటి కొనివ్వండి, ఫొటో తీసుకుంటాడు.

మీ వారికి ఒక మాట. చాంగి ఎయిర్‌పోర్టులో డ్యూటీ ఫ్రీ సీసా కొని గదిలో కానిచ్చేద్దామని ఆయన మనసులో ఉంటే, కుదరదు. ఓడ ఎక్కేటప్పుడు సామాను స్కాన్ చేస్తారు, విస్కీ సీసా కనిపిస్తే తీసేసుకుంటారు, గదికి రానివ్వరు. మొదటి రోజు పెద్దవాళ్ళకు తలా ఒక వైను సీసా చాలా కంపెనీలు అనుమతిస్తాయి, మీ కంపెనీ నియమం ఒకసారి చూసుకోండి.

ఇంకో తికమక కూడా ఇప్పుడే తీర్చేస్తాను. గ్లాసు మీద పడే ఈ 18 శాతం వేరు, సిబ్బందికి రోజూ ఇచ్చే గ్రాట్యుటీ, అంటే టిప్పు, వేరు. రెండోది తాగినా తాగకపోయినా మనిషికి ఇంత చొప్పున పడుతుంది, పిల్లలకు కూడా. రాయల్ కరీబియన్‌లో మామూలు గదులకు అది రోజుకు 18 డాలర్ల పైమాటే. మీరు ఆరుగురు, నాలుగు రాత్రులు. టికెట్‌లో కలిపారా లేదా అని ఏజెంటును అడగాల్సిన అసలు ప్రశ్న ఇది. డ్రింక్ ప్యాకేజీ గురించి పదిసార్లు ఫోను చేసినవాడు దీని గురించి ఒక్కసారీ చెప్పి ఉండడు.

అత్తగారి కాఫీ చాలా పెద్ద సమస్య. ఉచితమైన ఓడ కాఫీ పెద్ద డబ్బాలో గంటల తరబడి వేడిగా ఉండే పలుచటి నల్లనీళ్ళు. నా అభిప్రాయం మాత్రమే, మావారికి నచ్చింది. డబ్బు పెట్టి కాపుచినో కొన్నా పెరంబూరు ఇంట్లో డికాక్షన్ దిగి డబరాలో నురగలు కట్టే కాఫీకి ఆవిడ దృష్టిలో అది సాటి రాదు. ఎలక్ట్రిక్ కెటిల్ పట్టుకెళ్దామనుకోకండి, మంటల భయంతో ఓడల్లో నిషేధం, తీసుకుని దిగేదాకా దాచిపెడతారు. సీలు తీయని ఇన్‌స్టంట్ కాఫీ పొట్లాలు కొనండి, ఆవిడకు అలవాటైన చికోరీ కలిసినవే. ఉదయం బఫేలో వేడినీళ్ళు కప్పులో మూడోవంతు పట్టి పొడి చిక్కగా కలపండి, ఆ పైన వేడిపాలు పోయండి. పాలు చల్లగా కనిపిస్తే కౌంటరులో అడగండి, కాచి ఇస్తారు. మా అత్తగారి తరంవాళ్ళు ఇద్దరు మా ఓడలో ఇలాగే నెట్టుకొచ్చారు. రెండో రోజుకు పక్క బల్ల తమిళ మామి వచ్చి ఒక పొట్లం అడిగి తీసుకుంది.

అన్నట్టు, మీ ఉత్తరంలో ఆయన బీరు ఉంది, పిల్లల కూల్‌డ్రింకులున్నాయి, అత్తగారి కాఫీ ఉంది, మామగారి నీళ్ళున్నాయి. మీరు ఏం తాగుతారో రాయలేదు. "ముట్టను" అని మాత్రం రాశారు. ప్యాకేజీ మానేసి మిగుల్చుకున్న డబ్బులోంచి రోజుకు పది డాలర్లు మీ పేరిట వేరుగా పెట్టుకోండి. తాజా పుచ్చకాయ రసమో, చల్లటి కాపుచినోనో, మీకు ఏది కావాలంటే అది, సాయంత్రం పైడెక్కు మీద కుర్చీ లాక్కుని. ఆ సమయానికి పిల్లల్ని మీ వారికి అప్పగించండి, రెండు బీర్లకు ముందే.

కాఫీ పొట్లాలు మాత్రం చేతిసంచిలో పెట్టుకోండి. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, గది తలుపు దగ్గరికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. అప్పటిదాకా అత్తగారు ఆగరు.